తీయవచ్చని రాయండి

ఆ ఎండాకాలం మా ఆయన లింగస్వామి మందుల కంపెనీ గేటు దగ్గర కాపలాకు చేరాడు. అదే వారంలో, మోకాళ్లు పట్టేసి కొన్నేళ్లుగా ఇంట్లో కూర్చున్న మా మామ మల్లయ్య మళ్లీ కల్లు గీయడానికి తాటిచెట్టెక్కాడు. తండ్రి మీద కోపంతో కొడుకు, కొడుకు మీద కోపంతో తండ్రి చేసిన పనులవి. నా కోపం మాత్రం కంపెనీ మీద. కాకపోతే కంపెనీ నా నోటికి అందేంత దూరంలో లేదు, వీళ్లిద్దరూ ఉన్నారు. కాబట్టి ఆ వారమంతా తిట్లు వీళ్లకే పడ్డాయి.

మాది చౌటుప్పల్‌కు దగ్గర్లో, వాగు ఒడ్డున ఉన్న ఊరు. మాది కల్లు గీసే ఇల్లు. మా తాటిచెట్లన్నీ వాగు గట్టు మీదే ఉంటాయి. ఎగువన కంపెనీ. నేను కోడలిగా వచ్చేనాటికే వాగులో నురగ తేలేది. వానలు పడగానే కొట్టుకుపోయేది, అందరం మర్చిపోయేవాళ్లం. ఆ ఏడు మాత్రం మాఘమాసం నుంచే నీళ్లు చింతపండు పులుసు రంగుకు తిరిగాయి. ఒడ్డున నిలబడితే దవాఖాన వాసన. హైవే మీద నుంచి బండ్లు తిప్పుకుని మా దగ్గరికి వచ్చే గిరాకీ, ముంత చేతికిచ్చాక "ఏ చెట్లయి?" అని అడగడం మొదలుపెట్టింది. వాగు గట్టువి అనగానే ముంత కింద పెట్టేసేవాళ్లు. కల్లు నిజంగా చెడిందో లేదో ఎవరూ పరీక్ష చేయలేదు. ఆ వాగును చూశాక ఇక గొంతు దిగదు, అంతే. మా అత్తమ్మ బిక్షమ్మ సాయంత్రం దాకా చూసి చూసి, మిగిలిన కల్లు మోసుకెళ్లి చెట్ల మొదళ్లలో పోసి వచ్చేది.

"చెట్టుదే గదా, చెట్టుకే పోసిన" అనేది, ఎవరూ అడక్కపోయినా.

ఒకరోజు అన్నం ముందు కూర్చున్నప్పుడు లింగస్వామి చెప్పాడు. "కంపెనీల సెక్యూరిటీ పని అడిగిన. సోమారం నుంచి రమ్మన్నరు."

"మన వాగును కరాబు చేసినోని గేటుకు నువ్వు కాపలా ఉంటవా?" అన్నాను.

"నేను కరాబు చేస్తలేను గదా మనీషా. మన కల్లు ఎవలన్న తాగుతున్నరా? తాగనప్పుడు ఎవలి కోసం గియ్యాలె?"

మామ ముద్ద కలుపుతూనే అందుకున్నాడు. "దినాం గియ్యకపోతే గెల ఎండుతది. ఒక్కపారి ఎండిందంటే మల్ల ఏడాది దాక చుక్క రాలది. గీ సంగతి నీకు నేను చెప్పాల్నా?"

"ఎండనియ్యి నాయినా."

ఆ మాటకు మామ కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. సోమవారం తెల్లారి చూస్తే, చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని వాగు దిక్కు పోతున్నాడు. అత్తమ్మ వాకిట్లోకి పరుగెత్తి, "కింద పడ్డవంటే నీకు సేవ చేసెటోళ్లు ఎవలు లేరు, చూస్కో!" అని అరిచింది.

"పడితే మన చెట్టు మీదికెల్లే పడ్త. కంపెనీ గోడ మీదికెల్లి గాదు" అన్నాడాయన, వెనక్కి తిరగకుండా.

లింగస్వామి అప్పటికే నీలం చొక్కా తొడుక్కుని అద్దం ముందు ఉన్నాడు. ఆ మాట వినిపించింది. పైగుండీ కూడా పెట్టుకుని గేటుకు పోయాడు.

ఉగాది అయ్యాక పంచాయతీ ఆఫీసు గోడకు నోటీసు అంటించారు. కంపెనీ ఇంకో బ్లాకు కట్టుకుంటుందట. అందుకు మే నెలాఖరున బడి గ్రౌండులో ప్రజాభిప్రాయ సేకరణ. బ్లాకు పెరిగితే వాగులోకి వచ్చేదీ పెరుగుతుంది. ఇక గట్టు మీద చెట్లు గీయడం ఆపాల్సిందే. తాతల నాటి నుంచి వస్తున్న పని మా ఇంటితో ముగిసిపోతుంది. నాకు ఆ నోటీసులో కనిపించింది అదొక్కటే.

ఊరివాళ్లకు ముందే నచ్చజెప్పడానికి కంపెనీ ఇంజినీరు వచ్చాడు. మర్యాదస్థుడే, నవ్వుతూ మాట్లాడతాడు. నేను చౌటుప్పల్‌లో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతాను, ప్రశ్నలు అడగడం నాకు అలవాటు.

"శుద్ధి చేసిన నీళ్లనే వదులుతున్నమంటరు గదా సార్. ఆ నీళ్లల్ల మందు ఉంటదా, ఉండదా?"

"అవశేషాలు ఉంటాయి మేడం. చాలా స్వల్పం. వాటిని తీసే ఆచరణీయమైన పద్ధతి ఇప్పటికైతే లేదు. లేనిదాన్ని మేమెక్కడి నుంచి తెస్తాం?"

లేదన్న మాటను అంత నవ్వుముఖంతో చెబితే నాకు ఒళ్లు మండుతుంది. హోంవర్కు చేయని పిల్లలు కూడా నా ముందు సరిగ్గా అదే నవ్వు నవ్వుతారు.

ఉజ్మాకు ఫోన్ చేశాను. నల్గొండలో డిగ్రీ చదివేటప్పుడు మేమిద్దరం ఒకే బెంచీ. తను ఇప్పుడు హైదరాబాదులో ఒక యూనివర్సిటీ ల్యాబులో మురుగునీటి శుద్ధి మీద పరిశోధన చేస్తోంది. నేను పంపిన వాగు నీళ్లను పరీక్షించాక తనే మళ్లీ ఫోన్ చేసింది.

"అరే, మీ వాగుల సిప్రోఫ్లాక్సాసిన్ ఉందే. మోషన్లకు డాక్టర్లు రాసే గోలి. గట్ల దినాం నీళ్లల్ల కలుస్తాంటే క్రిములు దానికి అలవాటు పడిపోతయి. రేపు నిజంగ రోగమొచ్చినప్పుడు గా గోలి పనిచెయ్యది."

"దాన్ని తియ్యరాదా?"

"ఎందుకు రాదు? యాక్టివేటెడ్ కార్బన్ మీదికెల్లి నీళ్లు పంపితే చానా మటుకు పట్టేస్కుంటది. దాన్ని కొబ్బరి చిప్పల బొగ్గుతోటి చేస్తరు. నీ దగ్గర చిప్పలున్నయా?"

"మా దగ్గర కొబ్బరి చిప్పలు యాడియి? తాటిటెంకలున్నయి. గుట్టలు గుట్టలు."

"గట్టిగుంటయా?"

"విసిరి కొడితే తలకాయ పగులుతది. ఇంజినీరు మీద చూడమంటవా?"

ఉజ్మా పగలబడి నవ్వింది. "ముందు బొగ్గు చేసి చూడు తల్లీ."

బడికి సెలవులిచ్చారు. మా దగ్గర తాటిపండ్లు తిన్నాక టెంకలను మట్టిలో పాతిపెడతాం. మొలకెత్తాక గేగులు, అంటే తేగలు, తవ్వి తీసుకుంటాం. చీలిపోయిన ఆ టెంకలు పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరావు. పెరట్లో గోడంత ఎత్తున పడి ఉన్నాయి. నేనూ అత్తమ్మా కూర్చుని పీచు గీకాం, ముక్కలు కొట్టాం, ఇనుప డ్రమ్ములో పోసి మూత బిగించి కాల్చాం. గాలి తగిలితే బూడిద, తగలకపోతే బొగ్గు. మొదట్లో బూడిదే ఎక్కువ వచ్చింది. బొగ్గు వచ్చాక కూడా పని అయిపోలేదు. దాన్ని ఊరి కమ్మరి కొలిమిలో ఇనుప గొట్టంలో పెట్టి, ఎర్రగా కాలుతుండగా నీటి ఆవిరి పట్టించాలి. అప్పుడే దాని లోపల కంటికి కనపడనంత సన్న రంధ్రాలు పడతాయి. నీళ్లు దాని గుండా పోతుంటే మందు ఆ రంధ్రాల్లో చిక్కుకుని ఆగిపోతుంది. ఇదంతా అత్తమ్మకు చెబితే చాలా నచ్చింది.

"అంటే గిది ఆకలి మీదున్న బొగ్గు" అంది.

డ్యూటీ దిగి వచ్చిన లింగస్వామికి మా ఇద్దరి నల్లటి మొహాలు ఎదురయ్యేవి. కాపలాకు చేరినప్పటి నుంచి నాతో మాటల్లేవు కాబట్టి ఏం అడగలేకపోయేవాడు. తల వంచుకుని స్నానానికి పోయేవాడు గానీ, నవ్వు ఆపుకోవడానికి పడే తిప్పలు నాకు కనిపించేవి.

బొగ్గు తయారయ్యాక, దాన్ని నింపి నీళ్లు వడగట్టడానికి ఏదైనా కావాలి. ప్లాస్టిక్ డ్రమ్ము తెస్తానన్నాను. అత్తమ్మ ససేమిరా అంది. ఇంట్లో ఏ మంచిపనైనా మా కులదేవుడు కాటమయ్య పేరుతో మొదలవ్వాల్సిందే. లోపలి అర్రలోంచి మూడు లొట్లు తెచ్చి నా ముందు పెట్టింది. ఆమె కాపురానికి వచ్చినప్పటి కల్లు కుండలవి. ఏటా కాటమయ్యకు సాక పోసేది, అంటే దేవుడి ముందు నేల మీద కల్లు ధార పోసేది, వాటితోనే. వాటి అడుగున చిల్లులు పెట్టుకోమంది. మా ఇంట్లో అంతకంటే విలువైన వస్తువు లేదు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మామ దబ్బనం పట్టుకుని మెల్లగా, పగలకుండా చిల్లులు పెట్టాడు. ఒకదాని మీద ఒకటి నిలబెట్టి బొగ్గు నింపాం.

నాకు ఓపిక తక్కువ. ఉజ్మాకు చూపించేదాకా కూడా ఆగలేదు. పంచాయతీ ఆఫీసుకు ఇంజినీరును పిలిపించి, అందరి ముందు వాగు నీళ్లు పై లొట్టిలో పోశాను. కింద పెట్టిన సీసాలోకి దిగిన నీళ్లకు ఆ పులుసు రంగు లేదు. జనం అరుగు మీద నుంచి ముందుకు వంగారు. ఇంతలో సీసాలో తెల్లగా నురగ లేచింది. దాని వెంటే వాసన, పుల్లగా, గుప్పున. అది వాగు వాసన కాదు. మా ఇంటి వాసన.

ఇంజినీరు సీసా ముక్కు దగ్గర పెట్టుకుని, అదే నవ్వు నవ్వాడు. "మేడం, దీన్ని కల్లు దుకాణానికి పంపండి. గిరాకీ ఉంటుంది."

జనం ఘొల్లుమన్నారు. నవ్వినవాళ్లలో మా కులపోళ్లూ ఉన్నారు. ఆ సీసాను కంపెనీవాళ్లు తమ ల్యాబుకు పట్టుకెళ్లి, మా లొట్ల నుంచి వచ్చిన నీళ్లలో మురికి వాగు నీళ్లకంటే ఎక్కువుందని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. గేటు దగ్గర లింగస్వామిని ఎంతమంది ఆటపట్టించారో ఏమో, ఇంటికి రాగానే ఇన్నాళ్ల మౌనం వదిలేశాడు.

"ఇగ బందువెట్టు మనీషా. నా ఇజ్జత్ పోతాంది."

"నీ ఇజ్జత్ గా గేటు కాడుంది. నాది వాగు కాడుంది" అన్నాను.

అన్నాను గానీ, ఆ పులుపు ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆ రాత్రంతా ఆలోచించాను. మర్నాడు బొగ్గంతా తీసేసి, ఖాళీ లొట్లలో బోరు నీళ్లు పోసి చూశాను. అదే పులుపు, అదే నురగ. అన్నేళ్ల కల్లును ఆ మట్టి తాగి దాచుకుంది. వేరే ఏ ఇంట్లోనూ ఈ తప్పు జరిగి ఉండేది కాదు. మాకు పుట్టినప్పటి నుంచీ అలవాటైన వాసన కాబట్టి, లొట్లు ముక్కు దగ్గర పెట్టుకున్నా ముగ్గురిలో ఒక్కరికీ తెలియలేదు.

అత్తమ్మకు చెప్పడం ఇంజినీరుకు జవాబు చెప్పడం కంటే కష్టమైంది.

"నా లొట్లు గలీజా?" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దేవునికి పోసిన లొట్లు వాగు నీళ్లకంటే గలీజా?"

"గలీజు గాదు అత్తమ్మా. కల్లు పట్టి ఉన్నయి, అంతే."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా ఇంట్లో మాట్లాడుకునేవాళ్ల సంఖ్య ఆ ఎండాకాలం బాగా పడిపోయింది. రామన్నపేట పోయి కుమ్మరి దగ్గర కొత్త లొట్లు తెచ్చి వాకిట్లో దించాను. అప్పుడు అత్తమ్మ లేచింది. మా ఇంట్లోకి కొత్త లొట్టి వస్తే, గడప దాటించే ముందు లోపలంతా కల్లుతో కడగాలి. కడగని లొట్టి కీడు చేస్తుందంటారు. అలిగి ఉన్నా సరే, ఆమె చేతులు తమ పని తాము చేశాయి. కల్లు ముంత పట్టుకుని వచ్చి మొదటి లొట్టి మీదికి వంచబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

అత్త చెయ్యి పట్టుకుని ఆపిన కోడళ్లు మా వాడకట్టులో ఎవరూ లేరు. ఆమె నా వేళ్ల వైపు చూసింది.

"కల్లు పడకుంటే అది మన లొట్టి ఎట్లయితది?" అంది.

"మన లొట్టి కావద్దు అత్తమ్మా. ఏ వాసన లేని ఉత్త లొట్టి కావాలె. లేకుంటే మల్ల నవ్వుతరు."

మామ మంచం మీద నుంచి చూస్తున్నాడు. అత్తమ్మ నా చెయ్యి విడిపించుకుంది. తర్వాత వాకిలి దాటి బయటికి పోయి, కల్లు నేల మీద పోసింది. "కాటమయ్యా, గీ ఒక్కపారి నువ్వు బయటనే తాగు. తప్పైతే నా మీదెయ్యి, పిల్ల మీద వద్దు" అంది. వెనక్కి వచ్చి సబ్బుతో చేతులు కడుక్కుని, మామను పది గజాల దూరంలో ఉండమని ఉరిమింది. "నీ ఒళ్లంత కల్లే. నువ్వు ముట్టకు" అంది.

ఈసారి ఉజ్మా తనే వచ్చింది. బొగ్గును కడిగించింది, వాగు నీళ్లు పోయించింది, సీసాలకు తనే మూత బిగించింది. పోయేముందు అత్తమ్మ ఇచ్చిన తాటిముంజలు తిని, పది రోజుల్లో చెబుతానంది. సభకు ముందురోజు ఫోన్ వచ్చింది.

"మనీషా, మందు నూటికి తొంభై పాళ్లకు మించి పోయిందే! కల్లు కూడ లేదు, ఫికర్ చెయ్యకు. కాని ఒక్క మాట. బొగ్గు కడుపు నిండితే మల్ల మార్చాలె. సభల అది దాచకు."

"దాచుడెందుకు? మా పెరట్ల ఇంక గోడంత ఉంది" అన్నాను. ఫోన్ పెట్టేసి అత్తమ్మను గట్టిగా పట్టుకుని ఏడ్చాను. ఆమెకు మొదట దుఃఖమో సంతోషమో అర్థం కాక, నన్ను నాలుగు తిట్టి తనూ ఏడ్చింది.

బడి గ్రౌండులో షామియానా వేశారు. చుట్టూ తాడు కట్టి, లోపలికి పోవడానికి ఒకే దారి వదిలారు. ఆ దారి దగ్గర నీలం చొక్కాలో నిలబడింది లింగస్వామి. నేను బొగ్గు నింపిన లొట్టి చంకనెత్తుకుని, అత్తమ్మ వాగు నీళ్ల క్యాను పట్టుకుని, మామ వెనక కుంటుకుంటూ వచ్చేసరికి, ఇంజినీరు మైకులో "ఆచరణీయమైన పద్ధతి లేదు" అనే చోటికి వచ్చాడు.

సూపర్‌వైజర్ మమ్మల్ని చూసి దూరం నుంచే కేకేశాడు. "సామాన్లు లోపటికి తేవద్దు! లింగస్వామీ, ఆపు వాళ్లను."

లింగస్వామి నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"బరువుందా?" అన్నాడు.

"ఉంది" అన్నాను.

నా చేతుల్లోంచి లొట్టి తీసుకుని భుజానికెత్తుకున్నాడు. కుర్చీల మధ్య నుంచి నడుచుకుంటూ పోయి, జిల్లా నుంచి వచ్చిన అధికారి ముందు బల్ల మీద, మైకు పక్కన దించాడు. మళ్లీ వచ్చి తన చోట తను నిలబడ్డాడు. మేం లోపలికి పోయాం.

నా వంతు రాగానే ఉజ్మా పంపిన రిపోర్టు బల్ల మీద పెట్టి, వాగు నీళ్లు లొట్టిలో పోసి చూపిస్తూ, మేం ఏం చేశామో చెప్పాను. మొదటిసారి కల్లు లొట్లతో నవ్వులపాలైంది కూడా చెప్పాను. బొగ్గు నిండితే మార్చాలనీ చెప్పాను.

ఇంజినీరు మైకు అందుకున్నాడు. "సంతోషం మేడం. కానీ అది ఒక కుండ. మా దగ్గర రోజుకు లక్షల లీటర్లు."

"కుండలు పెట్టుకోమంటలేను సార్. మీరు పెద్ద చదువులు చదివిన్రు, పెద్ద ట్యాంకులే కట్టుకోండ్రి. పద్ధతి లేదన్నరు, ఉన్నది. తియ్యరాదన్నరు, తీసినం. ఇంక రాదనకుండ్రి. మేం తియ్యం అని చెప్పుండ్రి. గది ఊరు వింటది."

ఆయన ముఖంలో ఆ నవ్వు లేదు. నిజం చెప్పాలంటే, ఆ క్షణం నాకు పండగలా ఉంది.

చివర్లో ఆ అధికారి కాగితాలు సర్దుకుంటూ, శుద్ధి పద్ధతిపై ప్రజలు సందేహాలు వ్యక్తం చేశారని చదివాడు.

"సందేహం ఎవరికి లేదు సార్. తీయవచ్చని రాయండి" అన్నాను.

"మీ అభిప్రాయం నమోదైందమ్మా."

"అభిప్రాయం గాదు, పరీక్ష. తీయవచ్చని రాయండి. తీసే ఏర్పాటు అయినంకనే కొత్త బ్లాకు అని గూడ రాయండి. రాసింది మైకుల చదవండి."

వెనక నుంచి ఎవరో "ఇగ చాలు, కూసోమ్మా" అన్నారు. అత్తమ్మ నిజంగానే కూర్చుంది. కుర్చీలోంచి లేచొచ్చి, బల్ల ముందు నేల మీద కూర్చుంది. "కుర్చీలు కంపెనోళ్లయి. నేల మనది" అంది. పాలు పోసే ఆడవాళ్లు వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. పంచాయతీ దగ్గర మమ్మల్ని చూసి నవ్విన మా కులపోళ్లు కూడా ఒక్కొక్కరే వచ్చారు. అధికారి బయటికి పోవడానికి దారి లేకుండా పోయింది. చెమట తుడుచుకుని కలం తీశాడు. మందుల అవశేషాలను తాటిటెంకల బొగ్గుతో తీయవచ్చని గ్రామస్థులు పరీక్షతో సహా చూపించారని, ఆ ఏర్పాటు జరిగాకే కొత్త బ్లాకు కట్టాలని కోరారని చదివాడు.

"కోరలేదు సార్" అన్నాడు మామ వెనక నుంచి. "గది అయినంకనే కట్టాలె అని చెప్పినం."

అధికారి ఆ మాట కొట్టేసి దిద్దాడు.

ఒక్క కాగితంతో వాగు బాగుపడదని నాకు తెలుసు. దాని వెనక ఇంకా ఎన్ని ఆఫీసులు తిరగాలో కూడా తెలుసు. తిరుగుతాం.

షామియానా దగ్గర సూపర్‌వైజర్ లింగస్వామిని పట్టుకున్నాడు. "రేపటి నుంచి డ్యూటీకి రాకు."

"నాకు గూడ తీరది సార్. రేపటి నుంచి చెట్లు నేనే గియ్యాలె."

"గా వాగు గట్టు కల్లు ఎవడు తాగుతడురా?"

లింగస్వామి తండ్రి చెయ్యి పట్టుకుని గ్రౌండు గట్టు దించుతూ, తల తిప్పి చెప్పాడు.

"వాగు బాగయ్యేదాక మేమే తాగుతం. నువ్వు నీ గేటు చూస్కో."